గంజి పట్టని పడుగు

ఇరవై ఒకటో రోజు పొద్దు బారెడెక్కేసరికి చెంగమ్మ ఉల్కాదుర్గం కోటవాకిలి ముందుకు చేరింది. ఠీవిగా వచ్చి నిలబడిందని రాయాలని ఉంది కాని, అది నిజం కాదు. వచ్చి కూలబడింది. యువరాజులైతే ఇలాంటి చోట్లకు రెక్కల గుర్రాల మీద వస్తారు, దిగీ దిగగానే కత్తి దూస్తారు. నూలుపాడు నేతగాళ్ల కోడలికి గుర్రమెక్కడిది? కాళ్లున్నాయి. ఆ రెండూ పొక్కి, పగిలి, ఇక మావల్ల కాదని మొరాయిస్తున్నాయి. దారిలో మరిగే నీళ్ల ఏరు దాటింది. మనుషుల గొంతుతో పిలిచే అడవి దాటింది. ఆ అడవిలో అచ్చం ఆమె భర్త గొంతుతోనే ఎవరో మూడు రోజులపాటు "చెంగీ, దాహం" అని వెనకనుంచి ఏడ్చారు. ఆమె తిరిగి చూడలేదు. తిరిగి చూడడానికి మెడలో సత్తువ ఉంటే కదా!

ఎదురుగా కోట. ఆకాశం నుంచి రాలిపడిన ఒకే ఒక్క నల్లరాతిని తొలిచి కట్టిన కోట అది. దాని ప్రాకారాల మీద పట్టపగలు నక్షత్రాలు మెరుస్తాయి. బురుజు బురుజుకూ బంగారు కడియాలు తొడిగిన రాబందులు కాపలా. కందకంలో నీళ్లకు బదులు నీలిమంట. ఆ మంటలో తామరలు పూస్తాయి, వాటి పుప్పొడి నిప్పురవ్వలై గాలిలో ఆడుతూ ఉంటుంది. చూసినవాళ్లు రెప్ప వేయడం మరిచిపోతారని చెబుతారు. చెంగమ్మ ఇవేవీ చూడలేదు. నడుముకు కట్టుకున్న మూటలో ఎండబెట్టి తెచ్చిన గంజి ఉండలు నలిగాయో లేదో తడుముకుంది. తుమ్మబంకతో అంటించుకున్న మేకవెంట్రుకల మీసం చెమటకు ఊడుతుంటే నొక్కిపెట్టింది. తలపాగా బిగించుకుంది.

ఇంత దూరం ఎందుకొచ్చిందంటే, అదంతా ఆమె మామగారు పెదసింగన్న నోటి చలవ. నెలన్నర కిందట మాంత్రికుడు కపాలకేతుడు పంపగా ద్విశిరుడనే రెండు తలల రాక్షసుడు నూలుపాడులో దిగాడు. ఒంటికి చుట్టుకుంటే మనిషి కంటికి ఆనని మేఘాంబరం నేయించాలి, నేత తెలిసినవాళ్లందరూ బయలుదేరండి అన్నాడు. నూలుపాడు కట్టుబాటు ప్రకారం మగ్గం గుంటలో కూర్చునేది మగవాళ్లే. నిలువు పోగుల పడుగుకు గంజి పట్టించడం, కుంచెతో దువ్వడం, అడ్డపోగును కండెలకు చుట్టడం ఆడవాళ్ల వంతు. ఊరిపెద్ద పెదసింగన్న మీసం దువ్వుకుని, "నేత తెలిసింది మా పదకొండు మందికే. ఆడోళ్లు ఏదో గంజి కాచుకుంటా ఉంటారు. అదీ ఒక విద్యేనా?" అన్నాడు. రాక్షసుడు ఆ మాట నమ్మి పదకొండు మందినీ చంకన పెట్టుకుని ఎగిరిపోయాడు. గంజి కాచుకునేవాళ్లను వదిలేశాడు.

తర్వాత మూలికలమ్మేవాడొకడు ఊళ్లోకి వచ్చి, ఉల్కాదుర్గంలో పోగులు పుటుక్కుమని తెగిపోతున్నాయనీ, నేతగాళ్లు ఒక్కొక్కరే రాతిస్తంభాలైపోతున్నారనీ చెప్పాడు. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఆడ గంజి ఎవురు పెడుతుండారు?" అని చెంగమ్మ అడిగింది. జవాబు అందరికీ తెలుసు. గంజి పనిలో చెంగమ్మకు మించిన చెయ్యి ఊళ్లో లేదు. పైగా ఆ పదకొండు మందిలో ఆమె భర్త సిద్ధప్ప ఉన్నాడు. అయితే ఆడదానిగా వెళితే మామగారి మాట బొంకని తేలిపోతుంది. తేలితే రాక్షసుడు మళ్లీ వచ్చి ఊళ్లోని ఆడవాళ్లందరినీ ఎత్తుకుపోతాడు. అందుకే ఈ మీసం.

వాకిలి దగ్గర ద్విశిరుడు పడుకుని ఉన్నాడు. ఒక తల గుర్రుపెడుతోంది, రెండో తల ఆవలిస్తోంది.

"ఎవడ్రా?" అంది ఆవలించే తల.

"మగ్గం పనికొచ్చా."

"చేతులు చూపించు."

చూపించింది. పుల్లగంజిలో పదేళ్లు నాని, వేళ్ల సందుల్లో చీలికలు పడిన చేతులు. రాక్షసుడు వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "లోపలున్నవాళ్ల చేతులు ఇట్లా లేవే?"

"వాళ్లకంటే ఎక్కువ చాకిరీ చేసిన చేతులు, అందుకని" అంది చెంగమ్మ. భయపడవలసిన చోటే కాని, భయపడే ఓపిక కూడా లేదు. రాక్షసుడికి ఆ విసుగు నచ్చినట్టుంది. కాలితో తలుపు తోశాడు.

లోపలి సభామండపం వర్ణించాలంటే ఒక రోజు చాలదు. పైకప్పు నిండా బతికున్న సర్పాలు జడల్లా అల్లుకుని ఉన్నాయి, వాటి పడగల మీది మణులే దీపాలు. నేలంతా నీలం రాయి, నడుస్తుంటే అడుగు కింద అలలు కదులుతాయి. నడిమధ్యన ఏనుగుదంతాల మగ్గం, దాని పక్కన శ్వేతగిరి సాలెపురుగులు వడికిన వెన్నెల రంగు నూలు. ఈ వైభవానికి ఒక మెలిక ఉంది. ఆ మండపంలో అబద్ధమాడిన మనిషి ఆ క్షణమే రాతిస్తంభమవుతాడు. కపాలకేతుడి తల నేల రాలేదాకా మళ్లీ మనిషి కాడు. నేతగాళ్లలో నలుగురు అప్పటికే స్తంభాలై నిలబడి ఉన్నారు. పోగు తెగినందుకు కాదు. ఎందుకు తెగిందని మాంత్రికుడు అడిగినప్పుడు నలుగురూ నలుగురే, "నూలు మంచిది కాదు" అన్నారు. గంజి పెట్టడం మాకు చేతకాదు అన్న ఒక్క మాట ఒక్కడి నోటా రాలేదు. ఆ మాట అనడం కంటే రాయి కావడం వాళ్లకు తేలికగా తోచింది.

మిగిలిన ఏడుగురూ గోడవార కూర్చుని ఉన్నారు. సిద్ధప్ప తలెత్తి చూశాడు. మీసం చూశాడు, తలపాగా చూశాడు, తర్వాత పాదాలు చూశాడు. ఆ పాదాలు తన పెళ్లానివి. పెదసింగన్న కూడా చూశాడు. చూసి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

అంతలో కపాలకేతుడు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, తల మీద వెంట్రుకలకు బదులు పొగ. మెడలోని పుర్రెలు కళ్లార్పుతున్నాయి.

"ఎవడివిరా నువ్వు?"

అబద్ధమాడితే రాయి, ఆ సంగతి మూలికలవాడే చెప్పి ఉన్నాడు. నిజం చెబితే ఊరు నాశనం. "నూలుపాడు పెదసింగన్న ఇంటి మనిషిని, సామీ."

"మగ్గం ఎరుగుదువా?"

"పదేళ్లుగా పొద్దున లేస్తే దాని మొహమే చూస్తుండా."

"ఈ నలుగురూ నూలు మంచిది కాదన్నారు. నువ్వేమంటావు?"

"నూలుకేం, మేలైన నూలు. పడుగుకు గంజి పట్టలేదు. ఉండలు కట్టిన గంజి పూస్తే ఏ పోగైనా తెగుద్ది."

అందరూ ఆమె పాదాల వంక చూశారు. చెంగమ్మ రాయి కాలేదు. కపాలకేతుడు చప్పట్లు చరిచాడు. "నలభై రోజులకు ఈ మండపంలో ఒక నిజం విన్నాను! నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం సూర్యగ్రహణం. ఆ చీకట్లో మేఘాంబరం కప్పుకుని రత్నకూటం అంతఃపురంలో అడుగుపెడతాను, ఆ రాజు తల తెస్తాను. నిజం పలికిన నీవే నేయి. మరొకడు ఆ గుంటలో దిగరాదు. గడువు తప్పితే మీరంతా ద్విశిరుడికి ఫలహారం."

రత్నకూటం రాజు సంగతి చెంగమ్మ ఆలోచించలేదని కాదు. ఆలోచించింది. ఆయనకు సేనలున్నాయి, కోటలున్నాయి. సిద్ధప్పకు ఎవరున్నారు?

ఆ పూటే గంజి కాచింది. ఉండలు నానబెట్టి, వేళ్లతో చిదిపి, పలుచగా వడగట్టి, చిటికెడు నూనె కలిపి, వేలు ముంచి చూసింది. పడుగును మండపం ఈ కొస నుంచి ఆ కొసకు సాగదీసి కట్టి కుంచెతో దువ్వడం మొదలుపెట్టింది. ఇవతలి నుంచి అవతలికి, అవతలి నుంచి ఇవతలికి. గంజి ఆరేలోగా ప్రతి పోగూ విడివడాలి, ఎక్కడా అంటుకోకూడదు. నూలుపాడులో ఈ పనికి నలుగురు ఆడవాళ్లు ఉంటారు, పాటలుంటాయి, ఎగతాళులుంటాయి. ఇక్కడ ఒక్కతే. సాయంత్రానికి భుజాలు ఆమెవి కానట్టు వేలాడాయి. పడుగు మాత్రం తీగలా నిలిచింది.

మర్నాడు పొద్దున్నే గుంట అంచున కాలు వేలాడేసి కూర్చోగానే వెనక నుంచి పెదసింగన్న సన్నని గొంతుతో అన్నాడు. గోడవైపు తిరిగే అన్నాడు.

"గుంటలో కాలు పెట్టబాకు. తాతల నాటి కట్టుబాటు. ఆడకాలు పడితే ఆ ఇంట మగ్గం ఆగిపోద్ది."

"ఆగిపోయే ఉండాది గదా మామా" అంది చెంగమ్మ, అంతే నెమ్మదిగా. దిగింది.

చూడడం వేరు, నేయడం వేరు. మొదటి జానెడు పాడైంది. కుడి కాలి కింది బద్ద తొక్కవలసినప్పుడు ఎడమది తొక్కింది. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె రెండుసార్లు చేతిలోంచి జారి నేల మీద పడింది. సిద్ధప్ప తన సొంత నాడె తెచ్చి ఇచ్చి, గుంట పక్కన చతికిలబడి, "ఎడమది నిదానంగా... నాడె విసరబాకు, వదులు" అని గొణిగాడు. "తెలుసులే, ఊరుకో" అంది కాని, విన్నది. మధ్యాహ్నానికి చేతులకు లయ దొరికింది. నాడె ఇటు, నాడె అటు. వెన్నెల రంగు గుడ్డ అంగుళం అంగుళంగా దూలానికి చుట్టుకుంటోంది. నేసినంత మేరా దాని వెనకున్న ఆమె మోకాళ్లు మసకగా, లేనట్టుగా కనిపించసాగాయి. నడుము మాత్రం ఉన్నట్టే తెలుస్తోంది, బాగా తెలుస్తోంది.

కండె అయిపోయినప్పుడల్లా ఆమె గుంటలోంచి పైకి లేచి, కూర్చుని, కొత్త కండె చుట్టుకుని, మళ్లీ దిగేది. చుట్టూ ఏడుగురు మగవాళ్లున్నారు. చేతులు కట్టుకుని, ఆమె వంక జాలిగా చూస్తూ కూర్చున్నారు. ఒక్కరికీ ఒక కండె చుట్టిపెడదామన్న ఆలోచన రాలేదు. వాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు. అలాంటి పని ఒకటుందని వాళ్ల కంటికి ఎప్పుడూ ఆనలేదు, అంతే. అడగడానికి చెంగమ్మకు నోరు రాలేదు. అడిగితే నేర్పాలి. నేర్పడం కంటే తానే చుట్టుకోవడం నయమనుకుంది. ఇంట్లోనూ పదేళ్లుగా అలాగే అనుకుంటోంది.

నాలుగో రోజు మధ్యాహ్నం సూర్యుడి అంచు నల్లబడుతుండగా ఆఖరి పోగు పడింది. చెంగమ్మ కత్తితో పడుగు కోసి గుడ్డ కిందికి దించింది. లేచి నిలబడబోయి, కాళ్లు నిలవక మగ్గం గుంజ పట్టుకుంది.

కపాలకేతుడు వస్త్రాన్ని ఎత్తి చూశాడు. "ఇంకా ప్రాణం లేదు దీనికి. నేసిన చేయి ఎవరిదో ఈ మండపంలో నిజంగా పలికినప్పుడే మేఘాంబరం మేల్కొంటుంది. నేతకు సాక్ష్యం చెప్పేది నేతగాళ్ల పెద్దే, అది నీవే కదూ, ముసలాడా? లే. నేసినవాడి పేరు పలుకు."

నాలుగు రోజుల తర్వాత పెదసింగన్న మొదటిసారి గోడ నుంచి ఇటు తిరిగాడు. వచ్చి గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. అంచు చూశాడు. వెలుగుకు పట్టి చూశాడు. నలభై ఏళ్లుగా ఊళ్లో ప్రతి మగ్గం మీది గుడ్డనూ అలాగే చూసి వంక పెట్టిన మనిషి. "పోగు ఒత్తుగా పడింది" అన్నాడు, ఎవరితోనో కాదన్నట్టు. "వంక లేదు."

చెంగమ్మకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. పెళ్లైన నాటి నుంచి ఆయన నోట తన పని గురించి ఒక్క మంచి మాట విన్నది లేదు.

పెదసింగన్న కోడలి వంక చూడకుండా కపాలకేతుడి కళ్లలోకి చూశాడు. కోడలి పేరు చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. "నేసింది నేనే" అన్నాడు గట్టిగా. "నూలుపాడు పెదసింగన్నను."

రాయి పాదాల దగ్గర మొదలై చీలమండలకు, మోకాళ్లకు, నడుముకు ఎక్కింది. ఆయన కదలలేదు. ఆడవాళ్ల పనిని తన పనిగా చెప్పుకోవడం ఆ మనిషికి కొత్త కాదు. కాని ఈసారి ఎందుకు చెప్పాడో చెంగమ్మకు తెలిసింది. "మామా!" అని అరిచేలోగా ఆయన మీసం కూడా రాయైపోయింది.

పేరు పలికితే చాలనుకున్న కపాలకేతుడు ఆ మాట సరిగా విననూ లేదు, అది చూడనూ లేదు. ఆత్రంగా వస్త్రం చుట్టుకుని, "ఎట్లా ఉన్నాను?" అని ద్విశిరుణ్ని అడిగాడు.

"అట్లాగే ఉన్నారు స్వామీ" అంది ఒక తల. "చీర కట్టుకున్నట్టున్నారు" అంది రెండోది.

మాంత్రికుడి తల మీది పొగ ఎర్రబడింది. వెనుదిరిగి స్తంభాన్ని చూశాడు, ముసలాడు బొంకాడని అర్థమైంది. ఒక్క అంగలో వెళ్లి సిద్ధప్ప మెడ పట్టుకుని పైకెత్తాడు. "మగ్గం పక్కన కూర్చున్నది నువ్వు. నువ్వు చెప్పరా! నిజంగా ఎవరు నేశారు?"

సిద్ధప్ప కళ్లు మూసుకున్నాడు. "నేసింది..." అన్నాడు. తండ్రి చెప్పిందే కొడుకూ చెప్పబోతున్నాడని చెంగమ్మకు తెలిసిపోయింది. పదేళ్ల కాపురంలో అంతమాత్రం తెలియదా? అతను రాయైతే తర్వాతివాడు, ఆ తర్వాతివాడు. నిజం చెబితే వస్త్రం మేల్కొంటుంది, అదీ మాంత్రికుడి ఒంటి మీద ఉండగా మేల్కొంటుంది. ఆమెకు ఇక ఆలోచించే శక్తి లేదు. తలపాగా లాగి పారేసింది. మీసం పీకేసింది.

"ఆయన్ను దించు. నేసింది నేను. పెదసింగన్న కోడల్ని, సిద్ధప్ప పెళ్లాన్ని, చెంగమ్మను. గంజి పెట్టింది నేను, కండెలు చుట్టింది నేను, గుంటలో కూచున్నది నేను."

వస్త్రం ఝల్లుమని మెరిసింది. కపాలకేతుడు మాయమయ్యాడు. సిద్ధప్ప దభీమని నేల మీద పడ్డాడు.

ఖాళీ గాలిలోంచి నవ్వు వినిపించింది. "ఆడదా! అయితే నూలుపాడులో నాకు ఇంకా చాలా సరుకు ఉందన్నమాట. రత్నకూటం నాదయ్యాక వస్తాను, ఊరంతా దులుపుకుపోతాను. పద ద్విశిరా!" నవ్వు తలుపు దాటింది. రాక్షసుడు దాని వెంట పరుగెత్తాడు. బయట పట్టపగలు మునిమాపు వేళలా అయిపోయింది, రాబందులు బురుజులు వదిలి ఎగిరిపోయాయి.

మండపంలో ఆరుగురు మగవాళ్లు, అయిదు స్తంభాలు, చెంగమ్మ. అంతా అయిపోయిందనుకున్నారు.

అప్పుడు చెంగమ్మ చేతిలో ఏదో కదిలింది. ఆమె కిందికి చూసింది. సిద్ధప్ప నాడె ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది, అందులోని కండె గిర్రున తిరుగుతోంది. కండె నుంచి వెన్నెల రంగు పోగు నేల మీదుగా, గడప మీదుగా బయటికి పోతోంది. పడుగు కోసింది కాని, అడ్డపోగు తెంపడం మరిచిపోయింది. నేయడం వచ్చిన ఏ మగవాడూ చేయని పొరపాటు. ఆమె జన్మలో నేసి దించిన మొదటి గుడ్డ మరి.

సిద్ధప్పా చూశాడు. లేచి నిలబడ్డాడు. "చెంగీ, ఈ పోగు లాగితే..."

"వరస వెంట వరస ఊడొస్తది. రత్నకూటం చేరేలోగా వాడి ఒంటి మీద జానెడు గుడ్డ కూడా మిగలదు. పోగు తెగకుండా వాడి ఎనకాలే పోతే."

"నువ్వు ఈడనే కూచో. నిలబడలేకుండా ఉండావు. ఇది మేం చూసుకుంటాం."

"దారి మీకు తెలుసునా? మిమ్మల్ని చంకన పెట్టుకుని తెచ్చాడు. నడిచొచ్చినదాన్ని నేను. రత్నకూటానికీ ఆ అడవి దారే." ఆమె పగిలిన పాదాల వంక చూసుకుంది. మళ్లీ ఆ అడవి, మళ్లీ ఆ ఏరు. "నేను ముందు నడుస్తా. నువ్వు నా ఎనకాల పోగు చుట్టుకుంటా రా. గట్టిగా లాగితే తెగుద్ది, వదులుగా చుడితే చిక్కుపడుద్ది."

సిద్ధప్ప నాడె అందుకున్నాడు. ఖాళీ కండె ఒకటి తీసుకుని దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పోగు కొస ఎక్కడ ఆనించాలో తెలియలేదు. ఊళ్లో అందరికంటే సన్నని నేత నేసే చేతులవి.

"ఎట్టా పట్టుకోవాల?"

చెంగమ్మ అతని వంక చూసింది. "పదేళ్లు నీ మగ్గం పక్కనే కూచుని చుట్టా గదయ్యా. చూళ్ళేదా?"

సిద్ధప్ప నోరు తెరిచాడు. చుట్టూ రాతిస్తంభాలున్నాయి. తన తండ్రి ఉన్నాడు.

"చూళ్ళేదు" అన్నాడు.

అతను రాయి కాలేదు. చెంగమ్మ నిట్టూర్చి, అతని బొటనవేలు కండె కింద పెట్టి, చూపుడువేలు పోగు మీద ఆనించి, తన చేతిని అతని చేతి మీద ఉంచి మూడు చుట్లు చుట్టి చూపించింది. మిగిలిన అయిదుగురూ దగ్గరికొచ్చి, వంగి, ఈసారి కళ్లు విప్పి చూశారు. తర్వాత ఆమె గడప దాటి ఆ మధ్యాహ్నపు చీకట్లోకి నడిచింది.